నడక మేస్త్రి

మేస్త్రికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. ఎవరైనా మెషిను బాగుచేయమని తెస్తే, ముందు దాని జోలికి పోడు. తెచ్చిన మనిషిని నడిపిస్తాడు.

"ఏదీ, ఆ గోడ దాకా ఒకసారి నడిచి రండి."

"నడవాల్సింది నేను కాదు మేస్త్రీ, ఇదీ!" అంటూ వచ్చినవాళ్లు గడ్డి కోసే మెషినునో, మట్టి దున్నే మెషినునో చూపించేవాళ్లు. రెండూ వెనకాల మనిషి పట్టుకుని నడవాల్సినవే.

"దాని సంగతి తర్వాత. ముందు మీరు నడవండి."

నడవక చస్తారా! ఆయన షెడ్డు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, వాళ్ల పాదాల వంక కళ్లార్పకుండా చూసేవాడు. "మెషిను రిపేరుకొచ్చానా, చెప్పుల కొలతకొచ్చానా?" అని ఒకాయన మండిపడ్డాడు కూడా. దారి అడగడానికి ఆగిన పాపానికి ఒకావిడ సంచీతో సహా గోడ దాకా వెళ్లి రావాల్సి వచ్చింది.

అల్లుడికీ ఈ పరీక్ష తప్పలేదు. అతను పిల్లనిమ్మని అడగడానికి వచ్చిన రోజున, పనేమిటి, ఇల్లెక్కడ అని అడగాల్సిన మామ, "మా అమ్మాయీ నువ్వూ ఆ వీధి చివరి దాకా నడిచి రండి" అన్నాడు. వెళ్లొచ్చారు. "సరే, ఇస్తాను" అన్నాడు. తనలో ఆయనకు ఏం నచ్చిందో అల్లుడికి ఇప్పటికీ అంతు చిక్కలేదు.

ఇప్పుడు అతనూ ఆ షెడ్డులోనే పనిచేస్తున్నాడు. మామంటే ప్రాణమే గానీ, ఈ నడక పిచ్చి చూస్తే మాత్రం ఒళ్లు మండేది. ఒక నట్టు బిగించడానికి ఇంత ఊరేగింపు అవసరమా?

అందుకే మామ అత్తగారిని తీసుకుని బంధువులింటికి వెళ్లిన రోజున, పార్కు తోటమాలి గడ్డి మెషిను తోసుకుంటూ రాగానే అల్లుడు హుషారుగా లేచాడు. వేగం మార్చే గేరు కేబులు పోయింది. తొడుగు చిట్లి, లోపలి తీగలు తెగి, రెండు పోగుల మీద వేలాడుతోంది. అది చాలదన్నట్టు కేబులు బాగా వదులుగా ఉంది. హ్యాండిలు మీది లివరు అయిదులో పెట్టినా కింద గేరు మూడు దాటడం లేదు.

"మా మామయ్య చేతిపనేనా ఇది!" అని నొచ్చుకుని, అల్లుడు కొత్త కేబులు రెండు కొసలా తగిలించి, వదులు లేకుండా నట్టు బిగించాడు. అయిదంటే ఇప్పుడు నిఖార్సైన అయిదే.

తోటమాలి తటపటాయించాడు. "బాబూ, నన్నోసారి నడవమంటారేమో..."

"అక్కర్లేదు తాతా. మెషిను నడిస్తే చాలు."

మర్నాడు మామ తిరిగొచ్చి స్టూలు మీద సర్దుకున్నాడో లేదో, పార్కుకు కొత్తగా వచ్చిన సూపర్‌వైజరు ఊడిపడ్డాడు. వెనకాల మెషిను. దాని వెనకాల తల వంచుకుని తోటమాలి.

"చూడండి మేస్త్రీ! అందరూ లివరు అయిదులో పెట్టాలని నా ఆర్డరు. ఈయనా పెట్టాడు. మెషిను లాక్కుపోయింది. పూలపాదు నున్నగా గొరిగేసి, బెంచీ కింద దూరింది! కూర్చున్న ముసలి దంపతులు కాళ్లు పైకెత్తబట్టి బతికిపోయారు!"

"హ్యాండిలు వదిలేస్తే ఆగిపోయేదిగా పెద్దాయనా?" అన్నాడు మేస్త్రి.

"వదిలితే చేతకాదంటారని వదల్లేదు" అన్నాడు తోటమాలి నేల చూపులు చూస్తూ.

"మెషిను బాగానే ఉందని ఒక్క మాట చెప్పండి. ఈయన్ని ఇవాళే ఇంటికి పంపించేస్తాను" అన్నాడు సూపర్‌వైజరు.

అల్లుడు ముందుకొచ్చాడు. మెషిను బాగానే ఉంది మరి! బాగుచేసింది తనే. "తప్పు నాది సార్..." అనబోతుంటే మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏదీ సార్, మీరొకసారి నడవండి."

"నేనా?"

"మెషినుతో. అయిదులో."

సూపర్‌వైజరు చొక్కా సర్దుకుని దర్జాగా హ్యాండిలు పట్టుకున్నాడు. ఆ దర్జా ఎంతోసేపు నిలవలేదు. నడక పరుగైంది, కళ్లజోడు జారి నోటి మీదికొచ్చింది, ఒక బూటు వీధి మధ్యలో ఉండిపోయింది. గోడ దగ్గర హ్యాండిలు వదిలేసి, గోడనే కావలించుకున్నాడు.

"ఇది... నడక కాదయ్యా! పరుగు పందెం!"

"అంతే సార్. మెషిను బాగానే ఉంది, కేబులే మనిషికి కుదరలేదు. పెద్దాయనా, ఇప్పుడు నువ్వు నడువు. ఉత్తినే."

తోటమాలి నడిచాడు. అల్లుడు మొదటిసారి మెషినును వదిలి పాదాలు చూశాడు. ఎడమ మోకాలు సరిగ్గా వంగడం లేదు. ప్రతి అడుగుకూ ముందు ఆ కాలు కాస్త ఆలోచించుకుంటోంది. అది చూసి అతని మనసు కలుక్కుమంది.

"నట్టు వదులు చెయ్యి అల్లుడూ. ఇంకొంచెం. చాలు."

లివరు అయిదులో పెట్టి తోటమాలి మళ్లీ బయలుదేరాడు. మెషిను పెంపుడు జంతువులా ఆయనతో పాటే నడిచింది. షెడ్డు పక్కన పెరిగిన గడ్డి కూడా ఒక పోచైనా మిగలకుండా తెగింది.

సూపర్‌వైజరు వంగి కోసిన చోట గడ్డిని తడిమి చూశాడు. "ఇలాగే ఉంచండి" అన్నాడు. తర్వాత తోటమాలి వైపు తిరిగి, "రేపు మామూలుగా పనికి రా. ఇంతకీ నా బూటేదీ?" అన్నాడు.

తోటమాలే దాన్ని తెచ్చిచ్చాడు.

వాళ్లు వెళ్లాక అల్లుడు నిలదీశాడు. "ఇదా సంగతి! అందుకా ఆ కేబులు వదులుగా ఉంచారు! ఇన్నాళ్లూ నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదా మామయ్యా?"

"ఏమని చెప్పను? మోకాలు నొప్పని నలుగురిలో చెప్పుకోలేకే కదా, పాపం, మెషిను బాగాలేదని వస్తారు."

అల్లుడు చేతిలోని స్పానరు పక్కన పెట్టాడు. తర్వాత, ఎప్పటినుంచో మనసులో నానుతున్నది అడిగేశాడు. "మరి ఆ రోజు నా నడకలో ఏం చూశారు?"

"మా అమ్మాయి సంగతి తెలుసుగా. పిల్లి కనబడితే ఆగుతుంది, మొక్క కనబడితే ఆగుతుంది. నువ్వూ ప్రతిచోటా ఆగావు."

అల్లుడి ముఖం వెలిగిపోయింది. ఆగింది ఎందుకో తనకొక్కడికే తెలుసని లోలోపల కాస్త సిగ్గు కూడా పడ్డాడు.

మేస్త్రి స్టూలు మీంచి లేస్తూ అన్నాడు. "ఆ రోజు నీ కొత్త బూట్లు కరుస్తున్నాయని తెలుసులే. మడమలు చూశాగా! అంత నొప్పిలోనూ మా అమ్మాయి మీద విసుక్కోలేదు. అది చాలనుకున్నాను."