ఎదురొచ్చేవాడి కంటికి కింద

డోన్ బస్టాండు దాటాక బుడేన్ సాహెబ్‌కు బండ్ల వైరింగు షాపు ఉంది. ఒక సాయంత్రం నందికొట్కూరు బసవరాజ్ దాని ముందు జీపు ఆపి రంకెలు వేయడం పక్కనే టీ బంకు నడిపే ఈరక్క కళ్లారా చూసింది. ఎక్కడో కొనుక్కొచ్చిన తెల్లటి ఎల్ఈడీ బల్బులు పాత హెడ్‌లైట్లలో పెట్టించుకున్నాడా పెద్దమనిషి. ఎఫ్‌సీకి, అంటే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్టుకు, పోతే బ్రేకు ఇన్‌స్పెక్టరు వెనక్కి పంపాడు. బల్బులు తీయకుండానే బండి పాసయ్యేటట్టు చేయమని అతని పట్టు. తీస్తే తప్ప చెయ్యి పెట్టనని సాహెబ్ పట్టు. అరుపులన్నీ బసవరాజ్‌వే. సాహెబ్ ఊరికే జీపు లైట్లు వేసి, రోడ్డు అవతలి నుంచి వాటికి ఎదురుగా నడిచి రమ్మన్నాడు. బసవరాజ్ మీసం తడుముకుంటూ బయలుదేరాడు. సగం దూరంలో కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకాస్త ముందుకొచ్చి, ఈరక్క గ్లాసులు కడిగే తొట్టిలో కాలు పెట్టాడు.

"కండ్లు ఇంట్లో పెట్టి వచ్చినావేమప్పా?" అంది ఈరక్క.

"తీసెయ్ సాయిబూ ఆ బల్బులు," అన్నాడు బసవరాజ్, తడిసిన ప్యాంటు పిండుకుంటూ.

ఈరక్క అంత తేలిగ్గా మగవాణ్ణి మెచ్చుకునే మనిషి కాదు. కట్టుకున్నవాణ్ణే ఏనాడూ మెచ్చుకోలేదు. ఆ రోజు మాత్రం సాహెబ్ టీలో చక్కెర ఎక్కువ వేసింది.

కడపలో లారీల దగ్గర పని నేర్చిన చెయ్యి అతనిది. వెలుగు చాలడం లేదని వచ్చినవాడికి ముందు బల్బు మార్చడు. పచ్చబారిన లైటు గ్లాసు రుద్దుతాడు. లోపల బల్బు వెనక వెలుగును ముందుకు తోసే గిన్నెకు వెండిపూత పోయి ఉంటే మారుస్తాడు. బ్యాటరీ నుంచి లావుపాటి వైరు లాగి, కరెంటు నేరుగా లైటుకే అందేటట్టు రిలే పెడతాడు. కంపెనీ ఇచ్చిన వాట్లే, అయినా కొత్త బండిలా వెలుగుతుంది. ముందర ఎర్ర లైటో నీలం లైటో పెట్టమన్నవాణ్ణి మెట్టు కూడా ఎక్కనివ్వడు.

షాపుకు ఎదురుగా పాడుబడ్డ గోదాము గోడ మీద, ఎదురొచ్చేవాడి కంటికి కిందుగా, బొగ్గుతో గీసిన గీత ఉంటుంది. బండిని దాని ఎదుట నిలిపి డిమ్ వేస్తే వెలుగు ఆ గీతకు కిందే ఆగాలి. మిగతా మెకానిక్కులు ఖాళీ బండితో చూస్తారు. సాహెబ్ వెనక సీట్లలో మనుషుల్ని కూర్చోబెట్టి చూస్తాడు. ఈ సీమలో ఖాళీగా తిరిగే జీపు ఎక్కడుంది? వెనక పెళ్లివాళ్లో శనక్కాయ మూటలో ఎక్కితే ముందుభాగం పైకి లేస్తుంది, వెలుగు పోయి ఎదుటివాడి కళ్లలో పడుతుంది. అందుకని ఈరక్కను, టమాటాలమ్మే గిడ్డమ్మను పిలిచి ఎక్కించేవాడు. నేనేమన్నా మూటనా అని మొదట్లో ఈరక్క తిట్టిపోసింది. తర్వాత తను కూర్చోనిదే డోన్‌లో ఏ జీపుకూ లైటు కుదరదని ఊరంతా చెప్పుకుంది.

అట్లా ఒకనాడు, ఊళ్లో బాడుగకు జీపు తోలే శేషన్న బండి వచ్చింది. సాహెబ్ గోడ వైపు చూసి, స్క్రూ తిప్పి, అయిపోయిందన్నాడు. గిడ్డమ్మ ఇంకా సీటులోనే ఉంది. ఈరక్క ఒక కాలు కింద పెట్టి, తల బయటపెట్టి చూసింది.

"సాయిబూ, గీత దాటి పైన పడతాండాది."

"టీ కాసుకో పో. నాకు లైట్లు నేర్పొచ్చినావు."

అంత మాట అతను ఎన్నడూ అనలేదు. ఈరక్క మూతి తిప్పుకుని పోయింది. ఆ తర్వాత అతనికి గ్లాసు చేతికివ్వడం మానేసి బల్ల మీద పెట్టి తోసేది.

కొన్నాళ్లకు శేషన్నే బంకు దగ్గర నిలబడి చెప్పాడు. ముందురోజు పొద్దుగూకాక సాహెబ్ మగ్రిబ్ నమాజు చేసుకుని ఇంటికి నడిచి పోతున్నాడట. ఎదురుగా వచ్చిన జీపు వెలుగుకు కళ్లు బైర్లు కమ్మి, రోడ్డు పక్క కంకర కుప్ప మీద కూలబడ్డాడట. జీపు ఆగగానే, నీకు ఈ లైట్లు కట్టినోడెవడప్పా అని గట్టిగా అడిగాడట. గొంతు గుర్తుపట్టి శేషన్న కిందికి దిగాడు.

"నువ్వే గదా సాబూ," అన్నాడు.

ఇది విన్నాక ఈరక్క నాలుక చివర చాలా మాటలు ఆడాయి. అన్నీ మింగేసి గ్లాసులు కడగడానికి కూర్చుంది.

ఆ సాయంత్రమే సాహెబ్ శేషన్న జీపును మళ్లీ గోడ ముందు నిలిపాడు. పిలవకుండానే ఈరక్క, గిడ్డమ్మ వెనక ఎక్కి కూర్చున్నారు. ఈసారి గోడ దగ్గర శేషన్న నిలబడి, ఇంకా కిందికి, ఇంకా కిందికి అని చెబుతుంటే, సాహెబ్ తల వంచుకుని స్క్రూ తిప్పాడు. జీపు వెళ్లిపోయాక బంకు బెంచీ మీద కూర్చున్నాడు. ఈరక్క టీ గ్లాసు చేతికిచ్చింది.

కూతురు ఆస్మా ఎప్పుడో తనను కడపలో కంటి డాక్టరుకు చూపించిందని అతను మెల్లగా బయటపెట్టాడు. కంటి నరం ఎండిపోతోందట. పోయిన చూపు తిరిగి రాదట. చెయ్యికి పని తెలుసు గదా, కన్ను లేకపోతేనేం అనుకుని ఎవరికీ చెప్పలేదట. కంకర మీద కూర్చున్నప్పుడు, తన బదులు బిడ్డను ఎక్కించుకున్న బైకువాడెవడైనా ఎదురొచ్చి ఉంటే అన్న ఆలోచన వచ్చిందట.

ఈరక్క పొయ్యి మంట తగ్గించింది. వచ్చి బెంచీ మీద అతని పక్కన కూర్చుంది. సాహెబే మళ్లీ అందుకున్నాడు.

"ఈరక్కా, హారన్లు, బ్యాటరీలు చేసుకుంటా. హెడ్‌లైట్లు ఇంక ముట్టను. వచ్చినోళ్లకు ఆ మాట చెప్పేదానికి నాకు నోరు రాదు. సాబూ, నువ్వే చెయ్యాల అంటారు, నేను మెత్తబడిపోతా. నువ్వు చెప్పి పంపు. ఇనకపోతే తిట్టు. నేను ఎవురికన్నా చాటుగా చేస్తాంటే సూసినావనుకో, నన్ను గూడా తిట్టు."