మాటకో ముఖం

ఆస్పత్రి కింది అంతస్తులో, మెట్ల వెనకున్న రికార్డుల గదిలో ఆమె పని. రోగుల ఫైళ్లన్నీ అక్కడే ఉంటాయి. నంబరులో చివరి రెండంకెలు చూసి ఆ అరల దగ్గరికి వెళ్లాలి. ఫైలు తీసిన చోట, దాన్ని ఎవరు తీసుకెళ్లారో రాసిన ఎర్ర అట్టముక్క పెట్టాలి. తొమ్మిది నుంచి ఐదు దాకా కిటికీలోంచి చీటీలు వస్తాయి, ఫైళ్లు పోతాయి. చీటీ ఇచ్చే చెయ్యి తప్ప మనిషి కనిపించడు. "కొంచెం తొందరగా, మేడమ్" అన్నదే రోజు మొత్తానికి పెద్ద సంభాషణ. అది కాంట్రాక్టు ఉద్యోగం. పర్మినెంటు గుమాస్తా పరీక్షకి మూడేళ్లుగా చదువుతోంది. వయసు లెక్కన ఇదే ఆఖరుసారి.

ఇంట్లో అన్నయ్య, వదిన ఉంటారు. చెడ్డవాళ్లు కాదు. భోజనాల దగ్గర టీవీ మాట్లాడుతుంది, అందరూ వింటారు. "మా ఆడపడుచు మాటలన్నీ నోటుబుక్కులో దాచుకుంటుంది, ఇంట్లో ఒక్కటి ఖర్చుపెట్టదు" అని వదిన ఫోనులో ఎవరితోనో నవ్వుతూ అనడం ఒకసారి వింది. కోపం రాలేదు. ఉన్నమాటే కదా అనుకుంది.

ఆస్పత్రి నుంచి నేరుగా రీడింగ్ హాలుకి వెళ్లేది. సీటు సీటుకీ మధ్య చెక్క అడ్డాలు, మూడో వరసలో ఎప్పుడూ కిర్రుమనే ఫ్యాను. హాల్లో ఆమెని పదాలక్క అనేవాళ్లు. పక్క సీటు అమ్మాయిని లెక్కలపిల్ల అనేవాళ్లు. లెక్కలపిల్ల పగలు మందుల షాపు కౌంటర్లో పనిచేస్తుంది. అంకెలు చూస్తే చాలు, జవాబు దానంతటదే నోట్లోకి వస్తుంది. ఇంగ్లీషు చూస్తే మాత్రం నీరుగారిపోతుంది. పదాలక్కది సరిగ్గా తిరగేసిన సంగతి. అలా రోజూ అరగంట ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది.

"అక్కా, ఈ ఇంగ్లీషువాళ్లకి పిసినారిని పిసినారి అనడానికి ఆరు మాటలెందుకే?"

"ఒక్కటే ఉంటే పరీక్ష పెట్టేవాళ్లకి తోచదుగా."

"నా మీద పడి ఏడవకపోతే ఏదైనా వేరే పని చూసుకోవచ్చుగా వాళ్లు! సరే, నీ రైళ్ల లెక్క తియ్యి. రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తుంటే ముందు నువ్వు కంగారు పడకు. అవి గుద్దుకోవు. వేగాలు కలుపు."

ఆ అరగంటలో పదాలక్క నవ్వేది. మిగిలిన ఇరవైమూడున్నర గంటల్లో నవ్విన గుర్తు పెద్దగా లేదు.

ఆమె చదువుకి ఒక పద్ధతి ఉంది. ఎప్పుడో కోచింగ్‌లో ఒక మాస్టారు చెప్పారు: మాటకి అర్థం ఒక్కటే రాస్తే చెరిగిపోతుంది, ఎదురుగా మీకు తెలిసిన మనిషిని రాసుకోండి, చచ్చినా పోదు. అప్పట్నుంచి ఆమె నోటుబుక్కులో మూడు గళ్లు. మొదటి గడిలో మాట, రెండో గడిలో తెలుగు, మూడో గడిలో మనిషి. 'పార్సిమోనియస్', పిసినారి, దానికి అన్నయ్య. 'పెడాంటిక్'కి కామా తప్పినా చీటీ వెనక్కి పంపే రికార్డుల గది సూపర్‌వైజరు. పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక్కటే చిక్కు. మాటలు పధ్నాలుగు వందలు దాటాయి. ఆమెకి తెలిసిన మనుషులు, వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే ముప్ఫైమంది లేరు. అందుకని ఉన్నవాళ్లనే మళ్లీ మళ్లీ వాడుకోవాల్సొచ్చింది. రోజూ మాట్లాడే మనిషి ఒక్కతే కాబట్టి ఎక్కువ మాటలు లెక్కలపిల్లకే పడ్డాయి. 'గారులస్', వసపిట్ట. 'గల్లిబుల్', ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషి. 'అబ్ట్యూస్', ఎంత చెప్పినా బుర్రకెక్కని మనిషి.

పరీక్షకి ఇరవై రోజులుందనగా నమూనా పరీక్షలో లెక్కలపిల్లకి ఇంగ్లీషులో దారుణంగా మార్కులొచ్చాయి. చెక్క అడ్డానికి తల ఆనించి కూర్చుంది.

"ఇంక నావల్ల కాదక్కా."

పదాలక్క తన నోటుబుక్కు తీసి ఆమె ఒళ్లో పెట్టింది. "తీసుకెళ్లు. రెండు రోజులుంచుకో. ఇందులో ఉన్నవి వస్తే చాలు."

"మరి నీకు?"

"నాకు నోటికి వచ్చుగా."

ఆ క్షణంలో ఆమెకి మూడో గడి గుర్తే రాలేదు. మూడేళ్లుగా చూసి చూసి, అది ఎవరో మనుషుల సంగతి అన్న స్పృహే పోయింది. తన దగ్గరున్నదాంట్లో మంచిది ఇచ్చానని సంతోషంగా ఇంటికి వెళ్లి, ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది.

మర్నాడు పక్క సీటు ఖాళీగా ఉంది. ఆ మర్నాడు కూడా. మూడో రోజు హాలు చూసుకునే ఆయన నోటుబుక్కు తెచ్చిచ్చాడు. "ఆ అమ్మాయి కిటికీ పక్కకి సీటు మార్చుకుందమ్మా. గాలి ఆడట్లేదట."

అప్పుడు తెరిచింది. మొదటిసారి వేరే మనిషి కళ్లతో మూడో గడి మాత్రమే చదువుతూ పోయింది. నూట పన్నెండో పేజీ దగ్గర వేలు ఆగింది. 'జిల్ట్', ఆశపెట్టి వదిలేయడం. ఎదురుగా: 'లెక్కలపిల్ల, బ్యాంకు అబ్బాయి'.

ఆ సంగతి లెక్కలపిల్ల ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. ఒక సాయంత్రం హాలు మెట్ల మీద కూర్చుని, ఏడుస్తూ ఆమెకొక్కదానికే చెప్పింది.

నోటుబుక్కు తిరిగొచ్చిన మర్నాడు మధ్యాహ్నం పదాలక్క ఆస్పత్రిలో అనుమతి అడిగి మందుల షాపుకి వెళ్లింది. ముందు ఇద్దరున్నారు. వాళ్ల వెనక నిలబడింది. తన వంతు వచ్చింది.

"ఏం కావాలండీ?" అంది లెక్కలపిల్ల.

ఆ 'అండీ' దగ్గరే ఆమె తెచ్చుకున్న మాటలన్నీ పోయాయి. "నేను... కావాలని రాయలేదు."

"చెయ్యి జారి రాశారా?"

"గుర్తుండటానికి. అందరినీ రాశాను. మా అన్నయ్యని కూడా."

"వసపిట్ట అన్నారు, పోనీండి, మా అమ్మా అంటుంది. బుర్రకెక్కదన్నారు, ఎక్కదు, నిజమే." షాపాయన వింటున్నాడేమోనని గొంతు తగ్గించింది. "ఆ రోజు మెట్ల మీద నా చెయ్యి పట్టుకున్నారు. ఆ మాట ఎప్పుడు రాసుకున్నారు? వారం తర్వాతా?"

అబద్ధం చెప్పొచ్చు. ఆమెకి అబద్ధం కూడా రాలేదు. "ఆ సాయంత్రమే."

లెక్కలపిల్ల తలూపింది. జవాబు సరిపోయినప్పుడు ఊపే తీరులోనే ఊపింది.

"అంతమందిని రాశారు కదండీ. మొత్తం వెతికాను. మీరెక్కడా లేరేం?"

వెనక నుంచి ఎవరో, "అమ్మా, తొందరగా కానివ్వండి, పిల్లకి జ్వరం" అన్నారు. ఆమె పక్కకి జరిగింది.

"కోపం లేదు నాకు," అంది లెక్కలపిల్ల, మందుచీటీ అందుకుంటూ. "పక్కన కూర్చోలేను, అంతే. మీరు నా వంక చూసినప్పుడల్లా ఏ మాట వెతుకుతున్నారో అనిపిస్తుంది."

ఆమె కొత్త నోటుబుక్కు కొంది. రెండు గళ్లే గీసింది. పరీక్ష దాకా రోజుకి పది మాటలు రాసింది. పొద్దున నేర్చుకున్నవి ఫైళ్లు తీస్తుంటే ఒక్కొక్కటిగా జారిపోయేవి. కిటికీ పక్క నుంచి అప్పుడప్పుడు లెక్కలపిల్ల నవ్వు వినిపించేది, కొత్త పక్కసీటుతో. ఆమె తల ఎత్తేది కాదు. ఎత్తితే చూస్తున్నాననుకుంటుందని భయం.

పరీక్షలో ఇంగ్లీషు సాఫీగా సాగింది. లెక్కల్లో రెండు రైళ్లు వచ్చాయి, అదీ ఒకటి సొరంగంలోంచి. కంగారు పడలేదు. వేగాలు కలిపింది, పొడవులు కలిపింది, జవాబు నాలుగింట్లో ఒకదానితో సరిపోయింది. మూడేళ్లలో రైళ్ల లెక్క చివరిదాకా సొంతంగా చేయడం అదే మొదలు. గంట కొట్టేదాకా కాగితం మీద ఆ అంకెనే చూస్తూ కూర్చుంది.

గేటు దగ్గర జనంలో లెక్కలపిల్ల కనిపించింది. వాళ్ల నాన్న గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు.

"బాగా రాశారా?" అంది లెక్కలపిల్ల, నడుస్తూనే.

"బాగానే. మీరు?"

తన నోటి నుంచి వచ్చిన ఆ 'మీరు' ఆమెకే కొత్తగా వినిపించింది.

"పర్వాలేదండీ," అని తండ్రితో వెళ్లిపోయింది. సొరంగం సంగతి చెప్పడానికి అంత చోటు లేకపోయింది.

బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కన ఒక పెద్దావిడ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె చేతిలో హాల్ టికెట్టు చూసి, "పరీక్షా అమ్మా?" అని అడిగింది.

"అవునండీ."

"కష్టంగా ఇచ్చారా?"

ఎవరైనా అడిగితే చాలన్నట్టుంది. ఆమె ఆవిడ వైపు పూర్తిగా తిరిగింది. "ఒక లెక్క ఇచ్చారండీ. రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తుంటాయి. ఒకటేమో సొరంగంలో ఉంటుంది. మామూలుగా నాకు రైళ్లంటే కాళ్లూ చేతులూ ఆడవు..."

ఆవిడ తలూపుతూ విన్నది. మధ్యలో స్టాపు వచ్చింది. "అయ్యో, నేనిక్కడే దిగాలి తల్లీ" అంటూ లేచింది. బస్సు ఆగకముందే తలుపు దగ్గరికి వెళ్లి, అక్కణ్నుంచి వెనక్కి తిరిగి అడిగింది:

"ఇంతకీ వచ్చిందా జవాబు?"

"వచ్చిందండీ" అంది ఆమె, బస్సులో అందరికీ వినిపించేంత గట్టిగా.