నాలుగు భవిష్యత్తులు, ఒక బావి

గన్‌ఫౌండ్రీలోని మా ఆఫీసులో నా పని, దేశానికి నాలుగు భవిష్యత్తులు రాయడం. వానలు మొహం చాటేసిన దేశం, వానలు ముంచెత్తే దేశం, జనమంతా నగరాలకే చేరిన దేశం, నగరాలు ఖాళీ అయిన దేశం. వీటిలో ఏది వస్తుందో మేం చెప్పం. ఏది వచ్చినా పనికొచ్చేదేమిటో వెతుకుతాం. ఈ పద్ధతి తెలిసినవాణ్నని నాకు కాస్త గర్వం కూడా ఉండేది.

మేముండేది నాంపల్లి స్టేషన్ వెనక పాత అపార్ట్‌మెంటులో. ఆవరణలో ఉన్న బావిని పూడ్చి కార్లకు చోటు చేద్దామని అందరూ అనుకున్నారు. ఆ తీర్మానం కాగితం మీద మొదటి సంతకం నాదే. కొత్త కారు వీధిలో పెట్టి నిద్రపట్టడం లేదు మరి. అడ్డం తిరిగింది కింది వాటాలోని రిటైరయిన లెక్కల టీచరు ఒక్కరే. ఆ బావి లేకపోతే తనకు ఎండాకాలం గడవదని ఆవిడ బాధ.

ఆదివారం మీటింగుకు ఆవిడ నాలుగు తెల్ల కాగితాలు పట్టుకొచ్చారు.

"దేశానికి చేస్తున్నరు గద సార్, గదే లెక్క జర గీడ చేయున్రి."

కాదంటే పరువు పోతుంది. ఒక్కోదాని మీద ఒక్కో భవిష్యత్తు రాసి, నాలుగూ గోడకు అంటించి, ఇళ్లవాళ్లను ఒక్కో కాగితం కింద నిలబెట్టాను. కరువువాళ్లు బావి కావాలన్నారు. వరదవాళ్లు వాన నీళ్లు దిగడానికి కావాలన్నారు. జనం పెరిగిన నగరంవాళ్లకు బోరొక్కటే చాలలేదు. ఖాళీ నగరంవాళ్లు, మోటారు బాగుచేసే మనిషి దొరకడు, చేదుకోవడానికి బావి ఉండాలన్నారు.

"మరి కారు ఎన్నింట్ల పనికొచ్చింది సార్?" అన్నారావిడ, పరీక్ష పేపరు దిద్దే గొంతుతో.

ఒక్కదాంట్లోనూ గట్టిగా ఔననలేకపోయాను. మొదట ఉడుక్కున్నాను. తర్వాత సిగ్గేసింది.

"నా సంతకం కొట్టేయమంటారా?"

"ఔ, కొట్టేయున్రి. మంచిగ కనబడేటట్టు కొట్టేయున్రి."

కొట్టేశాను. ఆవిడ మొహంలో దిగులు పోవడం చూస్తే నాకూ బరువు దిగినట్టయింది. నా వెనకే మిగతావాళ్లూ తమ సంతకాలు కొట్టేశారు. బావి మిగిలింది.

ఇన్నేళ్లుగా దేశం కోసం రాసినవాటిలో నేను వదులుకోవాల్సింది ఏదీ రాసుకోలేదని ఆ రోజే తెలిసింది. సోమవారం ఆఫీసులో, భవిష్యత్తులు రాసే మా అందరి పేర్లున్న పట్టికలో కొత్త నిలువు వరుస గీశాను: 'ఇది రాసేవాళ్లు ఏం వదులుకుంటారు?' నా పేరుకు ఎదురుగా 'కారుకు చోటు' అని రాసి పట్టికను తోటివాళ్ల బల్లలకు పంపాను. మధ్యాహ్నానికి అది మిగతా గళ్లన్నీ ఖాళీగా తిరిగొచ్చింది.