నాలుగో స్థానం కోసం

ఆగస్టు మొదలయ్యేసరికి మా మనవరాలి జట్టు పట్టికలో ఐదో స్థానంలో ఉంది. సెమీఫైనల్‌కి వెళ్ళేవి నాలుగు జట్లే.

హామిల్టన్‌లోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఉన్న కాలేజీల ఆడపిల్లలకి చలికాలమంతా, అంటే ఇక్కడ మే నుంచి ఆగస్టు దాకా, శుక్రవారం సాయంత్రాలు బాస్కెట్‌బాల్ లీగ్ జరిగేది. ఇక్కడ హైస్కూలునే కాలేజీ అంటారు. మొత్తం ఎనిమిది జట్లు. చాలావరకు పెద్ద కాలేజీలు, ఆడేవాళ్ళు అలిసిపోతే లేచి వెళ్ళడానికి బెంచీ నిండా పిల్లలుండేవారు. మాది చిన్న కాలేజీ. జట్టు మొత్తం కలిపితే ఏడుగురు. ఒకరికి జ్వరమొచ్చి, ఇంకొకరికి మడమ బెణికితే ఇక బెంచీ మీద నీళ్ళ సీసాలే మిగిలేవి.

ఏడాది మొదట్లోనే కాలేజీలో ఆటల వ్యవహారం చూసే మాస్టారు ఆ ఏడుగురినీ పిలిచి చెప్పాడట. వ్యాను, హాలు, లీగ్ రుసుము, ఇంత కొద్దిమంది కోసం ఇదంతా నడపడం కష్టంగా ఉంది, సెమీఫైనల్ దాకా వెళితే వచ్చే ఏడు కూడా జట్టు ఉంటుంది, లేకపోతే ఇదే ఆఖరు అని. మనవరాలికి అప్పుడు పదహారేళ్ళు. కాలేజీలో ఇంకో ఏడాది చదువుంది. ఆ ఏడాది కూడా ఆడాలన్నదే తన కోరిక.

నేను ఉద్యోగం నుంచి రిటైరయ్యాక హామిల్టన్ శివార్లలోని రోటోటూనాలో కొడుకు దగ్గరికి వచ్చేశాను. గుంటూరు వైపు ఒక విత్తన పరీక్షా కేంద్రంలో పని చేసి చేసి, మొలక వచ్చిందా లేదా అని చూసి రాయడం నాకు ఒంటికి పట్టిపోయింది. తడి కాగితం మీద గింజలు పరిచి, గడువు నాటికి మొలిచినవి ఒకవైపు, మొలవనివి ఒకవైపు రాసేవాళ్ళం. గడువు దాటాక మొలిచిందని ఏ గింజనీ లెక్కలోకి తీసుకునేవాళ్ళం కాదు. ఇంటి డైరీ కూడా అప్పటి నుంచీ అదే పద్ధతిలో రాస్తున్నాను. ముందు వాతావరణం, తరవాత ఎవరొచ్చారు, ఏం వండాం, ఎవరికి ఒంట్లో ఎలా ఉంది. ఆ చలికాలం నుంచి శుక్రవారం పేజీల్లో స్కోర్లు కూడా చేరాయి.

ఆట నాకు ముందు అర్థం కాలేదు. విజిల్ ఎందుకు ఊదుతున్నారో, ఊదగానే ఎవరో ఒక పిల్ల చెయ్యెందుకు ఎత్తేదో తెలిసేది కాదు. మూడు నాలుగు వారాలు వెళ్ళేసరికి తెలిసింది. హాలులో చలి బెంచీ ఇనుములోంచి ఎముకల్లోకి ఎక్కేది. మడత పెట్టిన దుప్పటి వేసుకుని కూర్చునేదాన్ని. సగం ఆట అయ్యాక పిల్లలకి నారింజ పళ్ళు ఇవ్వడం ఇక్కడి అలవాటు. మిగతా తల్లులు తొక్కతో పాటే చెక్కలు కోసి తెచ్చేవారు. నేను తొక్క తీసి, తొనలు విడదీసి, తెల్లటి పీచు కూడా ఏరేసి డబ్బాలో పెట్టి తీసుకెళ్ళేదాన్ని. మొదటిసారి డబ్బా తెరిచినప్పుడు పిల్లలంతా నోరు తెరిచి చూశారు. ఆ తరవాత నన్ను అందరూ 'నాన్' అనే పిలిచేవారు. ఇక్కడ నానమ్మనీ అమ్మమ్మనీ అలాగే అంటారు.

వాళ్ళకి ఆట నేర్పేది ఆ కాలేజీలోనే సైన్సు చెప్పే ఒక ఆవిడ. పొడుగ్గా, సన్నగా ఉండేది. వేరే ఎవరూ ముందుకు రాకపోతే తనే ఒప్పుకుందట. ఎప్పుడూ అరిచేది కాదు. గెలిచినా ఓడినా ఒకటే మాట, బాగా ఆడారు, బూట్లు మార్చుకోండి, చలి పట్టేస్తుంది.

లీగ్‌లో ఒక్క శుక్రవారమే మిగిలింది. గెలిచిన జట్టుకి రెండు పాయింట్లు, ఓడిన జట్టుకి ఒకటి. నాలుగో స్థానంలో ఉన్న జట్టు మాకంటే ఒక్క పాయింటు ముందుంది. పాయింట్లు సమానమైతే, ఆ రెండు జట్లూ తమలో తాము ఆడినప్పుడు ఎవరు గెలిచారో వాళ్ళది పైచేయి. మే నెలలో మావాళ్ళు ఆ జట్టు మీద గెలిచారు. అందుకని మా అబ్బాయి వంటింటి బల్ల మీద కాగితం పరిచి లెక్కలు మొదలుపెట్టాడు.

"అమ్మా, చూడు. మనం గెలవాలి. వాళ్ళు ఓడాలి. అంతే."

"మనం ఆడేది ఎవరితోరా?"

"రెండో స్థానం వాళ్ళతో."

"మరి ఆ నాలుగో స్థానం వాళ్ళు ఆడేది?"

"అట్టడుగు జట్టుతో."

పొయ్యి దగ్గర పోపు వేస్తున్న కోడలు వెనక్కి తిరగకుండానే అంది. "మార్చిలో కూడా ఇలాగే బల్ల మీద కాగితం పరిచారు. బెర్ముడా వచ్చి బంగ్లాదేశ్‌ని ఓడిస్తుందని."

"అది వేరు."

"ఏం వేరు? అప్పుడూ మనం చెయ్యాల్సింది చెయ్యక, పక్కవాళ్ళ చేత చేయిద్దామనుకున్నారు."

ఆ ఏడు క్రికెట్ ప్రపంచకప్ సంగతి అది. మనవాళ్ళు ఓడి కూర్చుంటే, బెర్ముడా గెలవాలని ఈ ఇంట్లో తెల్లవారుజామున లేచి టీవీ పెట్టారు. బెర్ముడా ఎక్కడుందో మాకెవరికీ సరిగ్గా తెలియదు. అయినా ఆ ఒక్కరోజు మేం బెర్ముడా వాళ్ళమే.

"ఆ అట్టడుగు జట్టులోకి ఈమధ్య ఒక పొడుగమ్మాయి వచ్చింది," అన్నాడు అబ్బాయి. "పోయిన వారం దాదాపు గెలిచినంత పని చేశారు. అవ్వచ్చు. ఏమో."

మనవరాలు ఫ్రిజ్ తలుపు తెరిచి పట్టుకుని నిలబడి వింటోంది. "డాడీ, ప్లీజ్. నువ్వు క్రికెట్ చెయ్యకు దీన్ని," అంది. కానీ పాలు తీసుకుని వెళ్ళేటప్పుడు ఆ కాగితం వైపు ఒకసారి వంగి చూసింది.

గురువారం సాయంత్రం తన సెల్‌కి మెసేజ్ వచ్చింది. అట్టడుగు జట్టు కాలేజీ వాళ్ళు పిల్లల్ని మంచు కొండకి స్కీయింగ్‌కి తీసుకెళ్ళారు. జట్టులో సగంమంది అక్కడే ఉండిపోయారు, శుక్రవారం మ్యాచ్‌కి రాలేరు. భోజనం దగ్గర తను ఆ మాట చెప్పింది. "వాళ్ళు రావట్లేదంట. డిఫాల్ట్."

మా అబ్బాయి చెంచా కింద పెట్టాడు. మొహం వెలిగిపోయింది.

"అయితే మ్యాచ్ లేదు! నో రిజల్ట్! వానొస్తే ఆగిపోయినట్టే కదా. తలో పాయింటు. వాళ్ళకి ఒకటే వస్తుంది, అంటే ఓడినట్టే లెక్క. ఇంక మనం గెలిస్తే చాలు. ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు!"

నేనూ నమ్మాను. కోడలు కూడా కాదనలేదు. మ్యాచ్ జరగకపోతే పాయింట్లు పంచుతారని మాకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతి. దేశమంతా వాన చూసి లెక్కలు కట్టుకునే చోటి నుంచి వచ్చినవాళ్ళం. రాని జట్టుకీ వచ్చిన వానకీ తేడా ఉంటుందని ఆ రాత్రి మా బల్ల చుట్టూ ఎవరికీ తోచలేదు.

మనవరాలు మాత్రం అన్నం కలిపి, సగం తిని, లేచింది.

మర్నాడు మధ్యాహ్నం నేను నారింజ తొనలు విడదీస్తుంటే కాలేజీ నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఒక తొన తీసుకుని నోట్లో వేసుకోకుండా చేతిలో తిప్పుతూ ఉండిపోయింది.

"నానమ్మా, అది రెయిన్ కాదు."

"ఏది?"

"డిఫాల్ట్. కోచ్ నిన్న మెసేజ్‌లోనే చెప్పింది. రాకపోతే, వచ్చినవాళ్ళు గెలిచినట్టు. ట్వెంటీ నిల్. ఫుల్ టూ పాయింట్స్."

నాకు అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. "అంటే..."

"అంటే వాళ్ళు ఆల్రెడీ ఇన్. మేం ఇవాళ గెలిచినా ఫిఫ్త్."

"మరి మీ నాన్నకి ఎందుకు చెప్పలేదే?"

"హి వాజ్ సో హ్యాపీ." తొనని డబ్బాలో తిరిగి పెట్టేసింది. "మ్యాచ్ అయ్యాక చెప్తా. నువ్వు చెప్పకు. ప్రామిస్?"

పదహారేళ్ళ పిల్ల రాత్రంతా ఆ సంగతి తనలో పెట్టుకుని పడుకుంది, పొద్దున్నే లేచి తండ్రి ఇచ్చిన లంచ్ బాక్సు పట్టుకుని వెళ్ళింది. సరేనని తలూపాను. ఇప్పుడు ఆలోచిస్తే, తండ్రిని కాపాడాలనుకుందా, లేక హాలులో ఒక్కరైనా ఆ ఆటకి అర్థం ఉందనుకుంటూ చూడాలని కోరుకుందా, నాకు తెలియదు. అడగలేదు.

కారులో మా అబ్బాయి ఆగకుండా మాట్లాడాడు. వాళ్ళ ఎడమచేతి అమ్మాయిని వదలొద్దు, ఫౌల్స్ చెయ్యొద్దు, నీళ్ళు తాగు. తను వెనక సీట్లో బూట్ల తాళ్ళు కట్టుకుంటూ, "యా, డాడీ," అంటూ వచ్చింది.

హాలులో మా జట్టు పిల్లల తల్లిదండ్రులు మామూలుగానే పలకరించారు. వాళ్ళందరికీ తెలుసని వాళ్ళ మొహాలు చూడగానే అర్థమైంది. ఓడిపోయినవాళ్ళలా లేరు, ఆశ పెట్టుకున్నవాళ్ళలా కూడా లేరు. చలి గురించి మాట్లాడుకున్నారు. మా అబ్బాయి వాళ్ళ మధ్య నిలబడి చేతులు రుద్దుకుంటూ ఉంటే, మొదటిసారి వాడు ఈ దేశంలో ఎంత ఒంటరివాడో నాకనిపించింది.

పిల్లలు ఆ రోజు ఆడినంత బాగా ఎప్పుడూ ఆడలేదు. పోగొట్టుకోవడానికి ఏమీ లేకపోతే బాగా ఆడతారంటారు. నాకైతే అలా కనిపించలేదు. ఆట అయిపోకుండా ఆపాలన్నట్టు ఆడారు. మనవరాలు బంతి కోసం రెండుసార్లు నేల మీద పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. ఆఖరి క్షణాల్లో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. మా జట్టులో అందరికంటే పొట్టి పిల్ల, ఎప్పుడూ వెయ్యని చోటు నుంచి బంతి విసిరింది. అంచు మీద తిరిగి లోపల పడింది. విజిల్ మోగింది.

మా అబ్బాయి బెంచీ మీద నుంచి దూకాడు. "సెమీస్! సెమీస్!" పక్కనున్న పెద్దమనిషిని, ఆ పొట్టి పిల్ల తండ్రిని, రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు. ఆయన నవ్వాడు, తరవాత నవ్వు ఆపాడు. మెల్లగా ఏదో చెప్పాడు. మా వాడు వినిపించుకోలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు.

కోర్టు మధ్యలో పిల్లలు ఒకరినొకరు పట్టుకుని నిలబడి ఉన్నారు. గెలిచినవాళ్ళు గంతులు వెయ్యకుండా అలా నిలబడి ఉండడం ఎక్కడా చూడలేదు. మనవరాలు వాళ్ళలోంచి విడిపోయి నేరుగా తండ్రి దగ్గరికి వచ్చింది.

"సారీ, డాడీ."

"నీకు తెలుసా?"

తలూపింది.

నా వైపు తిరిగాడు. "నీకూ తెలుసా అమ్మా?"

"తెలుసురా."

వాడు తన జాకెట్ విప్పి పిల్ల భుజాల మీద కప్పి, ఆ గీరుకుపోయిన మోచెయ్యి పైకెత్తి చూశాడు. కోచ్ వచ్చి, బాగా ఆడారు, బూట్లు మార్చుకోండి అంది.

సోమవారం అబ్బాయి సెలవు పెట్టి కాలేజీకి వెళ్ళాడు. రెండో స్థానం జట్టుని ఓడించాం, ఒక్క పాయింటుతో పోయింది, ఇంకో ఏడాది చూడండి అని అడిగాడట. మాస్టారు కుర్చీ చూపించి, కాఫీ ఇచ్చి, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. పిల్లలు అద్భుతంగా ఆడారని, ఎనిమిది జట్లలో ఐదో స్థానం చిన్న విషయం కాదని అన్నాడు. కానీ ముందే చెప్పిన మాట నాలుగు అని గుర్తు చేశాడు. ఆడాలనుకునే వాళ్ళు, ఇక్కడ ఎక్కువమంది ఆడపిల్లలు ఆడే నెట్‌బాల్‌లో చేరవచ్చు, అందులో ఎప్పుడూ ఖాళీలుంటాయి అన్నాడు.

"గట్టిగా అడగలేకపోయావా?" అంది కోడలు.

"ఎలా అడగను? ఆయన తిడితే తిరిగి తిట్టచ్చు. అన్నిటికీ అవునంటున్నాడు." వాడు ఇంటికొచ్చాక కూడా ఆ కాఫీ గురించే మాట్లాడాడు. అంత మంచి కాఫీ ఇచ్చాడే అని.

ఆ వారం చివర్లో పిల్లలు యూనిఫాంలు తిరిగి ఇచ్చెయ్యాలన్నారు. అవి కాలేజీవి. మనవరాలు తనది తనే ఉతికింది. గది వెచ్చబరిచే హీట్‌పంప్ ఎదురుగా కుర్చీ వీపు మీద ఆరేసింది. ఇస్త్రీ పెడతానంటే, కరిగిపోతుంది నానమ్మా అని నవ్వింది. ఆరాక మడిచి, సూపర్‌మార్కెట్ సంచిలో పెట్టుకుంది. ఆ రోజు నేను కూడా కారులో వెళ్ళాను. గేటు దగ్గర ఆగి చూస్తున్నాం. లోపలికి వెళ్ళి, ఎంతోసేపు పట్టకుండానే ఖాళీ చేతులతో తిరిగొచ్చింది.

"కోచ్ ఉందా?" అడిగాడు తండ్రి.

"ల్యాబ్‌లో ఉంది. షి వాజ్ బిజీ. టేబుల్ మీద పెట్టమంది."

కొంతదూరం వెళ్ళాక వాడు అద్దంలోంచి వెనక్కి చూస్తూ అన్నాడు. "నెట్‌బాల్ మాత్రం తక్కువేం కాదమ్మా. అదీ బాలే. నువ్వు నెలలో నేర్చేసుకుంటావు."

"దాంట్లో బాల్ కొట్టుకుంటూ పరిగెత్తకూడదు డాడీ," అంది తను, కిటికీలోంచి చూస్తూ. "చేతికి రాగానే ఆగిపోవాలి."

తను నెట్‌బాల్‌లో చేరలేదు. మిగతా ఆరుగురిలో ఇద్దరు వేరే కాలేజీలకి మారారు. తరవాతి చలికాలం శుక్రవారం సాయంత్రాలు మా మనవరాలు సూపర్‌మార్కెట్‌లో కౌంటరు దగ్గర పనికి కుదిరింది.