లేని తలుపు

కడపలో మా పక్కింటి మామ పాత కారొకటి కొని విప్పదీసి, ఆ ఇంజనుతో ఇంటిముందే ఇద్దరు పట్టే రేసుకారు కట్టసాగాడు. ఇనుప చట్రం మీద సీట్లు తప్ప ఏమీ లేని రోజుల్లోనూ, ఎక్కి కూచున్న ప్రతిసారీ చెయ్యి చాచి గాలిని దగ్గరికి లాగేవాడు.

“తలుపు యాడుండాది మామా?” అన్నానోసారి.

“వచ్చాదిలేప్పా. ముందు అలవాటు కానీ.”

ఆ కారు కదలదని వీధంతా తేల్చేసింది. తలుపులింకా రాకముందే ఒక పొద్దున ఇంజను గుర్రుమంది. మామ నన్ను పక్కన కూచోబెట్టుకున్నాడు. బండి మాత్రం కదిలించడు, నా వైపే చూస్తున్నాడు.

“తలుపెయ్యప్పా!”

గాలిని దగ్గరికి లాగాను.

“సరిగ్గా పళ్ళేదు. ఇంకోతూరి.”

వీధంతా చూస్తుండగా గట్టిగా వేశాను. బండి కదిలింది.