పెద్దబాగు బావిలోంచి వచ్చిన మూడో పిలుపు

మా చిన్నతనంలో బీదర్‌లోని పెద్దబాగు తోట గేటు దాటగానే మొదట కనిపించేవి పూలు కావు... తలకిందులుగా వేలాడే గబ్బిలాలు. చింతచెట్ల నిండా నల్లటి గుడ్డముక్కలు ఆరేసినట్టు ఉండేవి. పట్టపగలే ఒకటి రెండు రెక్కలు విప్పి, మళ్లీ ముడుచుకునేవి.

మైసూరు రాష్ట్రం పేరు పోయి, కర్ణాటక అన్న పేరు కొత్తగా బోర్డుల మీదికి ఎక్కుతున్న రోజులవి. సంతపూర్ నుంచి బస్సులో వచ్చాం... నేను, అమ్మ, నాయనమ్మ, ఐదేళ్లు కూడా నిండని మా చెల్లెలు పద్మ. బీదర్‌లో పప్పుల దుకాణం నడిపే మా మేనమామ నర్సప్ప మమ్మల్ని తోట చూపించడానికి తీసుకెళ్లాడు.

తోట చాలా పెద్దది. మనిషెత్తు గోరింట కంచెల మధ్య దారులన్నీ ఒకేలా ఉండేవి. గులాబీ మళ్లు, నీళ్లు రాని ఫౌంటెను, ఇనుప ఉయ్యాలలు, నెమళ్లు, పైకప్పు కూలిన రాతి గోరీలు... జింకల దొడ్డిలో మాత్రం ఒకే జింక ఉంది.

"జింకలని బోర్డు పెట్టిండ్రు. ఒక్కటే ఉందేంది మామా?" అన్నాను.

"మిగిలినయి సంతకు పోయినయిరా. పొద్దుగూకినంక వస్తయి" అన్నాడు మామ.

నాయనమ్మ నవ్వలేదు. ఆ జింక మావైపు చూడలేదు. గోరీల వెనకున్న గుబురువైపే చెవులు రిక్కించి నిలబడింది.

పద్మ ఉయ్యాల దిగనంటే అమ్మ దాని దగ్గరే ఉండిపోయింది. మామ నన్నూ నాయనమ్మనూ గోరీల వెనక ఉన్న మెట్లబావికి తీసుకెళ్లాడు. మెట్లు దిగుతూ దిగుతూ పచ్చటి నీళ్లలోకి మాయమయ్యేవి. అడుగున సగం మునిగిన రాతి కమాను... దాని లోపలంతా చీకటి.

మామ చేతులు నోటి దగ్గర పెట్టుకుని "నర్సప్పా..." అని తన పేరే కేకేశాడు. ముందు గోరీ గోడ పలికింది. కాసేపాగి కమాను లోపలి నుంచి ఇంకోసారి వినబడింది. మామ గొంతే. కానీ ఎవరో తీరిగ్గా, దగ్గరకు రమ్మంటున్నట్టు ఉంది.

"బావి కాడ పేరు పెట్టి పిలుస్తరార? బుద్ధి ఉన్నదా నీకు?" అంది నాయనమ్మ.

"నన్ను తీస్కపోయి అదేం జేస్కుంటది అత్తా, తిండి దండుగ" అన్నాడు మామ.

మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. పొద్దు వాలాక ఎవరు పిలిచినా మొదటి పిలుపుకు పలకకూడదు, రెండో పిలుపుకూ పలకకూడదు. గాలీ దయ్యమూ అంతకు మించి పిలవలేవట. మూడోసారి కూడా పిలిస్తేనే మనవాళ్లు. పద్మకు ఆ మధ్యే నాయనమ్మ ఇది నేర్పింది. తలుపుచాటు నుంచి పిలిచి పరీక్షించేది. పద్మ తప్పేది కాదు... బెల్లంముక్క గెలుచుకునేది.

మేము తిరిగి వచ్చేసరికి ఉయ్యాలల దగ్గర అమ్మ ఒక్కతే ఉంది.

"నెమలీక దొరికిందని మీకు చూపిస్తనని ఉరికింది. మీ కాడికి రాలేదా?"

ఎండ అప్పటికే చెట్ల కొసలకు ఎక్కింది. మామ గేటువైపు పరుగెత్తాడు. పిల్ల తిరిగొస్తే ఎవరో ఒకరు కనబడాలని అమ్మ అక్కడే నిలబడింది. నాయనమ్మ నా చేయి పట్టుకుని బావివైపు నడిచింది.

పద్మ అక్కడే ఉంది... మెట్ల మధ్యలో, చేతిలో నెమలీకతో, నీళ్లవైపు చూస్తూ.

దూరం నుంచి అమ్మ గొంతు వచ్చింది. "పద్మా..."

గోరీ గోడ ఆ మాటే అంది. తర్వాత కమాను, మెల్లగా, మూడోసారి అదే మాట అంది.

"ఆఁ అమ్మా, వస్తున్న" అని పద్మ ఒక మెట్టు దిగింది.

నాయనమ్మ పిలవబోయి, చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన పిలుపూ ఆ కమానులోంచే తిరిగొస్తుంది కదా... అంతలో అమ్మ మళ్లీ పిలిచింది. పద్మ మూడో గొంతు దాకా ఆగి, ఇంకో మెట్టు దిగింది. ఆ కింది మెట్లన్నీ పాచి పట్టి ఉన్నాయి.

"ఉరుకు బిడ్డా" అంది నాయనమ్మ నా చెవిలో. "మీ అమ్మను పిలవొద్దను. ఇనకుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టు."

ఆమె చెప్పులు విడిచి, చీర ఎగదోపుకుని, గోడ పట్టుకుని దిగడం మొదలుపెట్టింది. నేను పరుగెత్తాను.

దారులన్నీ ఒకేలా ఉన్నాయి. ఫౌంటెను వస్తుందనుకున్నచోట గులాబీలు వచ్చాయి. నెత్తిమీద గబ్బిలాలు లేచాయి. ముందునుంచి అమ్మ పిలుస్తోంది... వెనకనుంచి ఆ రెండు గొంతులూ వస్తున్నాయి. నీళ్ల చప్పుడు వినబడుతుందేమోనని నా ప్రాణమంతా చెవుల్లోనే ఉంది.

అమ్మ కనిపించేసరికి మళ్లీ పిలవబోతోంది. ఎగిరి రెండు చేతులతో ఆమె నోరు మూశాను. ఆమె నన్ను విదిలించబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. బిడ్డ కనబడని తల్లి, అంత పెద్ద తోటలో, పిలవకుండా నిలబడింది. అంతటి నిశ్శబ్దాన్ని నేను మళ్లీ ఎరగను.

తర్వాత బావివైపు నడిచాం. నాయనమ్మ పైమెట్టు మీద కూర్చుని ఉంది. ఒడిలో పద్మ. దాని లంగా నడుము దాకా తడిసి ఉంది.

"కిందనే ఉంటివి గదమ్మా, ఎట్ల పైకొచ్చినవ్?" అంది పద్మ.

అమ్మ వంగి దాని తడి లంగా అంచు పిండింది.

ఆ రోజు తర్వాత మా ఇంట్లో ఆ కట్టడి మాట ఎవరూ ఎత్తలేదు. నాయనమ్మ బతికినన్నాళ్లూ ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. పని ఉంటే లేచి వచ్చి భుజం తట్టేది. అమ్మ చనిపోయిన ఏడాది పద్మ నన్ను అడిగింది. "అన్నా, ఆనాడు కింద ఉన్నది అమ్మ గాకపోతే, మరి ఎవరు?" రాతి కమాను ప్రతిధ్వని అని వివరంగా చెప్పాను. అది విన్నది... నమ్మినట్టు లేదు.

ఇప్పుడు ఆ బావికి ఇనుపజాలీ వేశారు. తోట నిండా దీపాలున్నాయి. కానీ పొద్దుగూకే వేళ వాకిట్లో నిలబడి పిల్లల్ని కేకేసి పిలిచే గొంతులే మా వాడలో వినబడడం లేదు... అందరికీ ఫోన్లున్నాయి. మీ ఇంట్లో ఆ వేళ మిమ్మల్ని ఎవరు పిలిచేవారు? ఆ గొంతు ఇంకా గుర్తుంటే, కింద రాయండి.