గడియారం గీసిన గీతలు

మా ఆయన్ని అందరూ గడియారం అనేవారు. కాలువ నీటిలో మా వంతు శుక్రవారం పొద్దున ఆరు నుంచి పన్నెండు దాకా. ఆరు కానిదే తూము పలక ఎత్తేవారు కాదు, పన్నెండు దాటాక నిమిషం ఉంచేవారు కాదు. "ఇంకో చెంబెడు పారితే మీ సొమ్మేం పోతుంది?" అంటే, "పోయేది నాది కాదు, కిందవాడిది" అనేవారు. నాతో మాట్లాడిన మాటలకన్నా కాలువతో మాట్లాడినవే ఎక్కువ.

నీళ్లు పారించి ఇంటికి రాగానే సామాన్ల గది గోడ మీద మేకుతో ఒక గీత గీసేవారు. రాత మా ఇద్దరికీ అంతంతమాత్రం. ఊపిరితిత్తులు చెడి మంచం పట్టిన రెండేళ్లూ మా పొలం బీడుపడింది. వంతు మాత్రం వృథా కానివ్వలేదు. దిగువ పొలం మరిదికి నోటిమాట మీద ఇచ్చేశారు. అతను పారించి వచ్చి చెప్పాక, నా భుజం పట్టుకుని గోడ దాకా నడిచి, గీత గీసి దాని మీద అడ్డంగా ఇంకోటి గీసేవారు. వేరే చేలో పారిందని గుర్తు.

ఆయన పోయి నాలుగు నెలలు. ఆ గీతలు కంటపడితే నాకు ముద్ద దిగేది కాదు. అందుకే ఆ గోడకి నా చేతులతోనే సున్నం పూశాను, రెండు పూతలు.

మొన్న నీటి శాఖ అధికారి వచ్చాడు. ఎవరి నీటి హక్కు ఎంత నిజమో విచారణట. ఏ పొలంలోకైనా, ఏ గదిలోకైనా వెళ్లి చూసే అధికారం ఉందని కాగితం చూపించాడు. బురద బూట్లతో వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. వెనకే మా మరిదీ వచ్చాడు.

"రెండేళ్లు వాడలేదు కాబట్టి హక్కు రద్దవుతుందమ్మా. ఇక్కడ వేలిముద్ర వెయ్యండి."

"సంతకం వచ్చండీ. చదివాక పెడతాను."

కూడబలుక్కుని చదివాను. మా వంతు తమకిమ్మని ఎగువనున్న నీళ్ల సీసాల ఫ్యాక్టరీ దరఖాస్తు పెట్టుకుందని అడుగున ఉంది. వాళ్లు ఎన్ని బోర్లు వేశారో ఎవరికీ తెలియదు.

"అక్కడికి వెళ్లి చూశారా?"

"లోపలికి రానివ్వమని ఉత్తరం రాశాం. జవాబు రావాలి."

నా గుమ్మం దగ్గర ఏ ఉత్తరమూ అక్కర్లేకపోయింది. ఆయన పోయాక ఏడుపు తప్ప ఇంకేమీ రాని నాకు ఆవేళ కడుపు మండిపోయింది.

"ఏ గదైనా చూడొచ్చన్నారుగా. రండి, ఇది చూడండి."

తడి పీచుతో గోడ రుద్దాను. సున్నం పాలలా కారింది, చేతులు భగ్గుమన్నాయి. మేకు గీతలు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

"ఇలాంటివి ఎవరైనా గీయొచ్చు" అన్నాడు.

"గీయొచ్చు. అడ్డగీతల నీళ్లు వాడుకున్న మనిషి మీ వెనకే ఉన్నాడు, అడగండి."

మరిది తల గోక్కున్నాడు. "వదినా, పరాయి నీళ్లు వాడావని నా మీదా కేసు రాస్తారేమో" అన్నాడు నెమ్మదిగా.

"మీ అన్న ఇచ్చిన నీళ్లతో తిన్న నాలుగు పంటలూ అరిగిపోయాయా?"

అతను అధికారి వైపు తిరిగాడు. "నేనే పారించానండీ, రెండేళ్లూ. పలక దించడం నిమిషం ఆలస్యమైతే మంచంలోంచే తిట్టేవాడు."

అధికారి రాసుకున్నాడు. 'గీతలున్నాయని చెప్పారు' అని రాస్తే, కొట్టేయించి 'చూశాను' అని రాయించాను. ఫ్యాక్టరీ బోర్లు కూడా చూడాలని రాయమన్నాను.

"ఈ కాగితంలో అది పట్టదమ్మా."

అంచున బోలెడు చోటుంది. వంకరటింకరగా నేనే రాసి, దాని కింద సంతకం పెట్టాను.

"నిర్ణయం వచ్చేదాకా తూము ముట్టుకోవద్దు" అని చెప్పి వెళ్లాడు.

నిన్న శుక్రవారం. ఆరింటికి పలక నేనే ఎత్తాను. బీడు నేల నీళ్లు తాగుతున్నంతసేపూ గట్టు మీదే నిలబడ్డాను. పన్నెండుకి దించి, ఇంటికొచ్చి, ఆయన మేకు వెతికి ఒక గీత గీశాను. దాని మీద అడ్డగీత గీయలేదు.